చేలో అరుదైన పిట్ట కనబడితే ఎవరికి చెప్పాలి? ఎంత చెప్పాలి?

శనగ చేలో కూలోళ్లతో కలుపు తీయిస్తుంటారు. గెనెం అవతల బీడులో ఎన్నడూ చూడని పెద్ద పిట్ట ఒకటి తల ఎత్తి నిలబడి ఉంటుంది. జేబులోంచి సెల్లు తీస్తారు. నాలుగు అడుగులు ముందుకు వేసి ఫోటో కొడతారు. మీరు ఇల్లు చేరకముందే ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. 'ఫలానా వాళ్ల చేను పక్క బీడులో' అని కింద రాసి మరీ పంపిస్తారు. పొద్దుగూకేలోగా మండలమంతా తిరుగుతుంది.

ఇందులో తప్పేముంది అంటారా? కొత్తది కనబడితే నలుగురికీ చెప్పుకోవడం మనిషి గుణం. కానీ ఆ ఫోటో ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. పిట్టలంటే ప్రాణం పెట్టేవాడికీ అందుతుంది, ఉచ్చులు పన్నేవాడికీ అందుతుంది. ఇద్దరికీ మీరిచ్చిన అడ్రసు ఒక్కటే.

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు రైతులు ఈ సంగతి మరీ జాగ్రత్తగా వినాలి. మనకు ఒకపక్క నల్లమల. ఇంకోపక్క నల్లరేగడి మెట్టచేలు, గడ్డి బీడ్లు. నడుమ కేసీ కాలువ, తెలుగుగంగ. దేశంలోనే అరుదైన పిట్టలు కొన్ని ఈ నేలను నమ్ముకొని బతికినవే. బట్టమేక పిట్ట, నేలనెమలి, కలివికోడి. ఈ మూడింటి చరిత్రా మన చుట్టుపక్కలదే. వాటిని మొదట చూసేది ఆఫీసర్లు కాదు, పట్నం నుంచి దుర్భిణీ తెచ్చుకునే వాళ్లూ కాదు. చేలో ఉండే రైతు, బీట్లో ఉండే గొర్రెల కాపరి. కాబట్టి ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్న మర్యాద కూడా ముందు మనకే తెలియాలి.

రోళ్లపాడు చెప్పే పాఠం

నందికొట్కూరు దగ్గర మిడుతూరు మండలంలో రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే సుమారు 1,500 ఎకరాలు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక నంద్యాల జిల్లాలోకి వచ్చింది.

బట్టమేక అంటే చిన్నా చితకా పిట్ట కాదు. నిలబడితే మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే కొద్ది. మిడతలు, పేడపురుగులు, బల్లులు, రాలిన గింజలు దీని తిండి. అంటే మన చేనికి చేసే మేలే ఎక్కువ. దీనికి గూడంటూ ఉండదు. ఉత్త నేల మీద, సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. తల్లి ఒక్కటే సుమారు నాలుగు వారాలు పొదుగుతుంది. మనుషుల అలికిడికి బెదిరి తల్లి లేచిపోతే గుడ్డు ఎండకు మాడుతుంది, లేదంటే కాకి పాలో కుక్క పాలో అవుతుంది. ఆ ఏటి సంతానం అంతటితో సరి.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్లపాడు బీళ్లలో మకాం వేసి ఈ పిట్టను పరిశీలించారు. తర్వాత తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి. చుట్టూ ఉన్న మెట్టచేలు తడి పైర్లకు మారాయి. గడ్డి నేల తగ్గింది. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. పిట్ట కోసమని పెట్టిన కంచె తమ పైరుకు చేటు తెచ్చిందని రైతులు బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. మొత్తానికి బట్టమేక ఇక్కడ కనబడటమే గగనమైపోయింది.

దేశం మొత్తం మీదా అదే కథ. 2011లో ఈ పిట్టను అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. 2018 నాటి అంచనా ప్రకారం దేశమంతటా మిగిలినవి సుమారు 150. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఎడారి వైపే. అక్కడ కరెంటు తీగలు తగిలి చస్తున్నాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో అక్కడి కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుడితే అది దేశానికంతా వార్త అయింది. ఒక్క పిల్లకే అంత విలువ ఉన్నప్పుడు మన బీడులో ఒకటి కనబడితే దాని విలువ ఎంతో మీరే లెక్క వేసుకోండి. అలాంటి పిట్ట ఎక్కడుందో వాట్సాప్‌లో పెట్టడమంటే, బీరువా తాళంచెవి సంత నడుమ వేలాడదీయడమే.

కలివికోడి కబురు మొదట చెప్పింది మనోడే

అట్లని నోరు మూసుకొని కూర్చోమనడం లేదు. చెప్పకపోవడం వల్ల కూడా నష్టం ఉంది. దానికి కలివికోడి కథే సాక్ష్యం.

1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు ఈ పిట్టను లోకానికి తెలిపాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. పోయిందనే పుస్తకాలు రాసుకున్నాయి. 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం దగ్గర రెడ్డిపల్లె వైపు ఐతన్న అనే స్థానికుడికి రాత్రిపూట అది దొరికింది. ఆ కబురు ఆయన దాచుకోలేదు. పరిశోధకుడు భరత్ భూషణ్‌కు అందింది. 86 ఏళ్ల తర్వాత పిట్ట బతికే ఉందని లోకానికి తెలిసింది. చేతికి చిక్కిన ఆ ఒక్క పిట్ట మాత్రం బతకలేదు. కానీ ఆ కబురుతో మిగిలిన వాటికి నీడ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఇంకో సంగతి చూడండి. వెలుగోడు నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడప వైపు పోయే తెలుగుగంగ కాలువ మీకందరికీ తెలిసిందే. 2005లో కలివికోడి తిరిగే పొదల్లో కాలువ కోసం యంత్రాలు తవ్వుతుంటే పరిశోధకులు గమనించి అటవీశాఖకు చెప్పారు. పని ఆగింది. తర్వాత ఆ పొదలు తప్పేట్టుగా కాలువ దారి మార్చారు. నీళ్లూ ఆగలేదు, పొదలూ మిగిలాయి. కబురు సరైన చోటికి, సరైన సమయానికి చేరితే కాలువ దారే మళ్లింది. అదే కబురు వేటగాళ్లకు ముందు చేరి ఉంటే ఏమయ్యేది?

అందుకే గుర్తుపెట్టుకోండి. పిట్ట ఉందని చెప్పడం వేరు, పిట్ట ఫలానా చెట్టు కింద ఉందని చెప్పడం వేరు. మొదటిది లెక్కకు పనికొస్తుంది. రెండోది అందరికీ చెప్పే మాట కాదు.

చూసినప్పుడు ఏం రాసుకోవాలి?

దేశమంతటా పక్షి ప్రియులు తాము చూసిన పిట్టల లెక్క ఒకచోట చేరుస్తుంటారు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర సంస్థ 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ అనే లెక్కల పుస్తకం ఇప్పుడు సెల్‌ఫోనులోనే దొరుకుతుంది. మన దేశంలో దీన్ని బర్డ్ కౌంట్ ఇండియా వాళ్లు చూసుకుంటారు. ఇంటర్మీడియెట్ చదివే పిల్లోడు ఇంట్లో ఉంటే వాడే నేర్పిస్తాడు. ఫోను లేకపోయినా పర్లేదు, నోటుబుక్కు చాలు. రాయాల్సినవి ఇవి:

ఒకటి, తేదీ, వేళ. 'మొన్న చలికాలంలో' అంటే లెక్కకు రాదు.

రెండు, ఎన్ని చూశారు. పది అనుకొని వంద రాయొద్దు. గుంపు పెద్దదైతే పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో చూసి, గుంపంతా అలాంటివి ఎన్ని మేరలుందో అంచనా వేయండి.

మూడు, అది ఏం చేస్తోంది. మేస్తోందా, పోతోందా, గడ్డి ముక్క నోట కరుచుకొని ఉందా. నోట్లో గడ్డి ఉంటే దగ్గరలో గూడు ఉన్నట్టే. అప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి.

నాలుగు, ఎలా గుర్తుపట్టారు. కాళ్ల రంగు, మెడ పొడుగు, అరుపు. తెలియకపోతే 'తెలియదు' అని రాయండి. దూరాన నిలబడిన కొంగను బట్టమేక అని రాస్తే తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. నాన్నా పులి కథ మీకు కొత్త కాదు.

ఐదు, కనబడనివి కూడా లెక్కే. ఏటా సంక్రాంతికి మీ చెరువులో దిగే బాతులు ఈసారి రాలేదనుకోండి. 'రాలేదు' అని రాయండి. వర్షమాపకంలో సున్నా కూడా రాస్తారు కదా, ఇదీ అంతే.

అరుదైన పిట్టలొక్కటే కావాలని ఎవరూ అనుకోవద్దు. పాలపిట్ట, గోరింక, తీతువ, దుక్కి దున్నేటప్పుడు వెంటబడే కొంగలు, పశువుల వీపు మీద కూర్చునే పసులపోలిగాడు, అన్నీ లెక్కే. వీటి గురించి దాపరికం అక్కర్లేదు. ఇవి తగ్గితే మన చేలో పురుగు పెరుగుతుంది. ఎప్పటినుంచి తగ్గాయో తెలియాలంటే ఏటేటా రాసిన లెక్క ఉండాలి.

ఏవి దాచాలి?

గూడు, గుడ్లు, పిల్లలు. ఏ పిట్టవైనా సరే, ఇవి ఉన్న చోటు నలుగురిలో చెప్పొద్దు. పిల్లలు ఎగిరిపోయాక చెప్పుకోవచ్చు. రెండు నెలలు ఆగితే కొంప మునగదు.

వానాకాలంలో గడ్డి బీళ్లకు వచ్చే నేలనెమలి సంగతి చూడండి. ఆడదాన్ని పిలవడానికి మగది గడ్డిలోంచి నిలువునా పైకి ఎగిరి దుముకుతుంది. రోజుకు వందలసార్లు అట్లా చేస్తుంది. తన జాడ తానే చాటుకునే పిట్ట అది. తుపాకులు పట్టిన వాళ్లకు అదే అనువైంది. దాని జాడ మనం కూడా చాటితే ఇక దానికి దిక్కెవరు?

గుడ్లగూబ సంగతీ అంతే. పాత దిగుడుబావుల రాతిసందుల్లో, మర్రి తొర్రల్లో ఉంటుంది. చేలో ఎలుకలు తిని మనకు ఎలుకల మందు ఖర్చు తప్పిస్తుంది. కానీ మంత్రతంత్రాల పేరుతో, ముఖ్యంగా దీపావళి ముందు, గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లున్నారు. మీ బావిలో ఉందని గొప్పకు చెబితే ఆ బావి దగ్గరికి రాత్రిపూట మనుషులు వస్తారు. రామచిలుకల తొర్రలు, కౌజుపిట్టలు గుంపుగా పడుకునే కంపపొదలు కూడా ఇట్లాంటివే.

చలికాలంలో పిల్లిగద్దలు మధ్య ఆసియా నుంచి ఎగిరి మన దాకా వస్తాయి. ఇంగ్లీషులో హారియర్లంటారు. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతలను పట్టి తింటాయి. పొద్దుగూకగానే రోళ్లపాడు లాంటి గడ్డి బీళ్లలో గుంపుగా నేల మీదే పడుకుంటాయి. అవి పడుకునే చోటికి బైకులు, జీపులు తోలితే ఆ రాత్రి నిద్ర లేనట్టే. వేల మైళ్లు ఎగిరి వచ్చినవాటికి ఒక రాత్రి విశ్రాంతి కూడా ఇవ్వలేమా?

ఈబర్డ్ లెక్కల్లో కూడా ఈ జాగ్రత్త ఉంది. వేటకో, దొంగతనానికో గురయ్యే కొన్ని జాతుల పేర్లు విడిగా పెట్టి, అవి కచ్చితంగా ఎక్కడ కనబడ్డాయో బయటివాళ్లకు చూపించరు. 20 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న గడి మాత్రమే కనబడుతుంది. అంటే 'ఈ మండలాల్లో ఎక్కడో ఉంది' అన్నంత వరకే. వాట్సాప్ గ్రూపులో ఆ తెర ఉండదు. అక్కడ తెర మీరే వేయాలి. 'నంద్యాల జిల్లాలో చూశాను' అంటే చాలు. ఊరి పేరు, చేని పేరు అవసరం లేదు.

ఫోటోతో మరీ జాగ్రత్త

సెల్లుతో తీసిన ఫోటోలో తీసిన చోటు కూడా దాగి ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ అని ఉంటుంది, దాన్ని ఆపేయండి. అది ఆపినా ఇంకో చిక్కుంది. పిట్ట వెనక సెల్ టవరు, గుడి గోపురం, వంక మీది కల్వర్టు కనబడితే, ఆ ఊరోడు చూసిన మరుక్షణం చేను పేరు చెప్పేస్తాడు. ఫోటో పంపేముందు పిట్టను కాకుండా పిట్ట వెనక ఏముందో చూడండి.

దగ్గరి ఫోటో కోసం వెంటబడొద్దు. పిట్ట మేత మానేసి తల ఎత్తి మీవైపే చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే ఆగి వెనక్కి రండి. ఎగిరే ఫోటో కావాలని రాయి వేయొద్దు. అరుపు రికార్డు చేసి ఫోనులో వినిపించి పిట్టను రప్పించడం కొందరికి సరదా. పిట్టకు అది సరదా కాదు. తన జాగాలోకి ఇంకోటి వచ్చిందని తిండి మాని వెతుక్కుంటుంది. గుడ్ల మీద కూర్చున్నది లేచి వస్తుంది.

చెప్పాలంటే కాపలా ఉండాలి

ఈ విషయంలో స్కాట్లండ్‌లో జరిగిన ఒక ముచ్చట చెప్పుకోవాలి. చేపలు పట్టే ఆస్ప్రే అనే గద్ద అక్కడ చాలా ఏళ్లు గూడు కట్టడమే మానేసింది. 1950ల్లో లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర ఒక జంట మళ్లీ కనబడింది. పక్షి సంరక్షణ సంఘం వాళ్లు ఆ చోటు గుట్టుగా ఉంచి కాపలా కాశారు. అయినా 1958లో ఒక దొంగ రాత్రిపూట చెట్టెక్కి గుడ్లు కాజేశాడు. ఆ మరుసటేడు వాళ్లు పద్ధతి మార్చారు. చెట్టుకు ముళ్లతీగ కట్టారు, కాపలా పెంచారు, దూరంగా ఒక గుడిసె వేసి, రండి చూడండి అని జనాన్నే పిలిచారు. ఆ ఒక్క ఏడే వేల మంది వచ్చారు. ఇంతమంది కళ్లు ఉంటే దొంగకు చోటుండదు కదా. పిల్లలు ఎగిరాయి.

దీన్నిబట్టి తెలిసేదేమంటే, చెప్పడం తప్పు కాదు, కాపలా లేకుండా చెప్పడం తప్పు. ఊరు ఊరంతా ఒక్కమాట మీద ఉండి కాపాడుతుందనుకుంటే ఊరికి చెప్పండి. ఆ నమ్మకం లేకపోతే ఒక్కరికే చెప్పండి. ఆ ఒక్కరు ఎవరంటే, దగ్గరి ఫారెస్టు బీటు ఆఫీసరో, రేంజి ఆఫీసరో.

'చెబితే నా చేను పోతుందేమో'

రైతులు బయటికి అనకపోయినా మనసులో ఉండే భయం ఇదే. పిట్ట కనబడిందని తెలిస్తే అటవీశాఖ వాళ్లు వచ్చి పట్టా భూమిలో దున్నొద్దంటారేమో అని. రోళ్లపాడు చుట్టుపక్కల జింకలతో పడిన కష్టం చూసినవాళ్లకు ఆ భయం ఉండటం సహజం. అందుకే చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి.

చేలో పిట్ట కనబడినంత మాత్రాన అది అభయారణ్యం అయిపోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందు ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆ తర్వాత కలెక్టరు అక్కడి జనం హక్కుల మీద విచారణ జరపాలి. హక్కులున్నవాళ్లు రెండు నెలల్లోగా తమ క్లెయిములు రాసి ఇచ్చుకోవచ్చు. అభయారణ్యం చుట్టూ పర్యావరణ సున్నిత ప్రాంతం ప్రకటించేటప్పుడు కూడా ముందు ముసాయిదా వేసి అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఇస్తారు. ఇవన్నీ ఒక్క ఫోటోతో జరిగిపోయేవి కావు.

ఇక రెండో సంగతి. బట్టమేక, నేలనెమలి, కలివికోడి, నెమలి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. గుడ్లు తీయడం, గూడు చెరపడం కూడా చట్టం దృష్టిలో వేట కిందికే వస్తాయి. మీ చేలో పిట్ట ఉందని ఎవరో వచ్చి ఉచ్చు పెడితే, ముందు అడిగేది మిమ్మల్నే. కాబట్టి కబురు సరైన చోట ముందుగా చెప్పి ఉంచడం మీకే రక్ష.

ఆఫీసర్లకూ ఒక మాట. కబురు చెప్పిన రైతును పదిసార్లు ఆఫీసు చుట్టూ తిప్పితే ఇంకో రైతు నోరు విప్పడు. జింకలు, పందులు మేసిన పైరుకు పరిహారం ఇవ్వడంలో ఆలస్యం చేస్తూ, పిట్ట కబురు మాత్రం వెంటనే చెప్పాలంటే ఎవరు చెబుతారు?

పిట్టలు చూడటానికి వచ్చేవాళ్లకు

హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి పెద్ద కెమెరాలు వేసుకొని అహోబిలం అడవి దారి వైపు, నంద్యాల గిద్దలూరు ఘాటు వైపు, రోళ్లపాడు వైపు పక్షి ప్రియులు వస్తుంటారు. వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. 1980 నుంచి హైదరాబాదులో పక్షి వీక్షకుల సంఘం నడుపుకుంటూ, చూసిన పిట్టల వివరాలు ఒక చిన్న పత్రికలో వేసుకుంటూ, అడవికీ జనానికీ మర్యాద ఇచ్చిన వాళ్లున్నారు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు మాత్రం కొన్ని సంగతులు చెప్పాల్సి ఉంది.

బీడు ఖాళీగా కనబడినా దానికి ఆసామి ఉంటాడు. "అన్నా, మీ చేలో పిట్టలు చూసుకుంటాం, పోవచ్చునా?" అని ఒక్క మాట అడగండి. కాదనేవాళ్లు అరుదు. గెనెం మీదే నడవండి. పూతకొచ్చిన శనగను తొక్కితే ఆ రైతుకు పిట్ట అంటేనే ఒళ్లు మండుతుంది. నల్లమలలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవద్దు.

గొర్రెల కాపరికి వంద రూపాయలిచ్చి "ఆ పిట్టను కాస్త లేపు" అనొద్దు. ఆ వంద అలవాటైతే రేపు ఇంకెవరో వెయ్యి ఇచ్చి పట్టుకు రమ్మంటారు. చూపించిన మనిషిని మరిచిపోవద్దు. ఆయన ఒప్పుకుంటే మీ రాతల్లో ఆయన పేరు పెట్టండి, వద్దంటే పెట్టొద్దు. కలివికోడి కథలో ఐతన్న పేరు ఈ రోజుకీ నిలిచిందంటే, అప్పటివాళ్లు ఆ మర్యాద పాటించబట్టే. ఇంకోటి, ఒకరు నమ్మి మీకు చూపించిన చోటును వాళ్లను అడగకుండా ఇంకొకరికి చెప్పొద్దు.

ఊరివాళ్లూ ఒకటి చూసుకోవాలి. ఎవరైనా వచ్చి పిట్టల గురించి కాకుండా గూళ్లు, గుడ్లు, తొర్రల గురించే అడుగుతున్నారంటే అనుమానించండి. బండి నంబరు రాసుకొని బీటు ఆఫీసరుకు చెప్పండి. మీరు తగువుకు పోవద్దు.

చచ్చిన పిట్టలు కనబడితే దాచొద్దు

అన్ని కబుర్లలోకి ఆలస్యం చేయకూడనిది ఇది. చెరువు గట్టున గానీ, చేలో గానీ ఒకేచోట కాకులు, కొంగలు, నెమళ్లు చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టుకోవద్దు. కుక్కలు లాక్కుపోకుండా చూసి వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎంత నష్టం చేసిందో చూశాం. జబ్బు కాకపోతే విత్తనానికి పట్టించిన మందో, ఎలుకల మందో కారణం కావచ్చు. మందు కలిపిన విత్తనాలు పైన రాలకుండా మట్టి కప్పడం, మందు డబ్బాలు వంకలో పారేయకపోవడం మన చేతిలో పని. ఇక్కడ మాత్రం చోటు కచ్చితంగా, సర్వే నంబరుతో సహా చెప్పాలి. గూడు విషయంలో దాచాలి, చావు విషయంలో దాచకూడదు.

ఒక్క పావుగంట చాలు

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల లెక్క రాస్తారు. మన దేశం 2013 నుంచి ఇందులో ఉంది. కనీసం పావుగంట ఒకచోట నిలబడి కనబడిన పిట్టలన్నీ రాస్తే చాలు. శనగ కోత పనులకు పోయినప్పుడు గెనెం మీద కూర్చొని బడికి పోయే పిల్లోడితో రాయించండి. వాళ్ల బడి పంతులుకు చూపించండి. మీ చేలో ఎన్ని రకాల పిట్టలున్నాయో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

క్లుప్తంగా గుర్తుంచుకోండి:

• మామూలు పిట్టలను ధారాళంగా లెక్క రాయండి, నలుగురికీ చెప్పండి.

• అరుదైన పిట్ట అయితే ముందు అటవీశాఖకు చెప్పండి. బయట జిల్లా పేరుకు మించి చెప్పొద్దు.

• గూడు, గుడ్లు, పడుకునే చోటు ఎవరికీ చూపొద్దు, ఫోటో పెట్టొద్దు.

• ఫోటోలో లొకేషన్ ఆపండి, వెనక గుర్తులు కనబడకుండా చూడండి.

• తెలియనిదాన్ని తెలియదనండి.

• ఇంకొకరి చేలోకి అడిగి పోండి. మీ చేలోకి వచ్చేవాళ్లూ అడిగేట్టు చూడండి.

• గుంపుగా చచ్చిన పిట్టలుంటే అదే పూట కబురు చెప్పండి.

విత్తనం దాచాల్సిన కాలం ఒకటుంటుంది, చల్లాల్సిన కాలం ఒకటుంటుంది. ఏ రైతుకూ ఇది నేర్పక్కర్లేదు. పిట్ట కబురూ అంతే. బీడులో రేపు ఏ బట్టమేకో తల ఎత్తి నిలబడితే, అది ఉండాలా పోవాలా అన్నది ఆ క్షణంలో మీరు ఎవరికి ఫోను చేస్తారన్న దాని మీదే ఉంది.